కొట్టని చెట్ల లెక్క

మా అన్నయ్య నా ఉద్యోగం గురించి నన్ను వివరంగా అడిగింది ఈ ఇరవై ఏళ్ళలో ఒక్కసారే. మామూలుగా "ఆ కంప్యూటర్ల పని బానే ఉందా?" అంటాడు, "బానే ఉంది అన్నయ్యా" అంటాను, మాట వర్షాల మీదకి వెళ్ళిపోతుంది. 2022 మే నెలలో ఒక శనివారం రాత్రి, అంటే వాళ్ళకి ఆదివారం పొద్దున, ఫోన్ చేసి, "ఒరేయ్, నువ్వు ఆ మధ్య చెట్లకి డాలర్లు లెక్కగట్టే కంపెనీలో చేశానన్నావు గదా, మన వాగు పక్క నాలుగెకరాలకి ఎంతొస్తుందో చూసి చెప్పు" అన్నాడు.

వాగు పక్క నాలుగెకరాలంటే నాన్న చెట్లు. మాది సత్తుపల్లి దగ్గర పల్లెటూరు. నాన్న బడిపంతులు. ఆ నాలుగెకరాలు ఆయన ఎప్పుడూ దున్నించలేదు. ఎందుకో ఎవరికీ సరిగ్గా చెప్పలేదు కూడా. చింతలు, నేరేళ్ళు, మద్దులు, వేపలు, మధ్యలో పేరు తెలియని తీగలు, పొదలు. సాయంత్రం బడి వదిలాక వెళ్ళి అక్కడో గంట కూర్చునేవాడు. చుట్టూ ఉన్న పొలాల్లో మామిడి వచ్చింది, తర్వాత జామాయిల్ వచ్చింది, ఆ తర్వాత ఆయిల్ పామ్ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు మా అరుగు మీద కూర్చుని, "పంతులుగారూ, ఆ డొంక కొట్టించి తోట పెట్టుకోరాదా" అనేవాళ్ళు. నాన్న నవ్వి టీ ఇప్పించేవాడు. ఆయన పోయాక అన్నయ్య కూడా దాని జోలికి పోలేదు. కానీ ఆ వేసవిలో ఆయిల్ పామ్ గెలల ధర ఎన్నడూ లేనంత పెరిగింది. ఇండోనేషియా వాళ్ళు పామాయిల్ ఎగుమతులు ఆపేసిన రోజులవి. మా అన్నయ్య కూతురికి ఆ ఏడే ఇంజనీరింగ్ సీటు రావలసి ఉంది. ఈ రెండు విషయాలూ అన్నయ్య ఫోన్లో పక్కపక్కనే చెప్పాడు.

నేను శాక్రమెంటోలో ఉంటాను. 2019 నుంచి రెండేళ్ళపాటు, అడవుల మీద కార్బన్ క్రెడిట్లు తయారుచేసే ఒక సంస్థలో కాంట్రాక్టు చేశాను. నా పని డేటాబేసు. అడవిలో మనుషులు కొలిచి తెచ్చిన చెట్ల వివరాలు ఒక పక్క నుంచి వస్తే, రెండో పక్క నుంచి టన్నులు బయటికి రావాలి. నాకు డగ్లస్ ఫర్ అంటే 202, రెడ్‌వుడ్ అంటే 211, పాండెరోసా పైన్ అంటే 122. ఇవి ఇక్కడి అటవీశాఖ వాళ్ళు చెట్ల జాతులకి ఇచ్చిన అంకెలు. ఆరు నెలలు అంకెలతోనే గడిపాక ఒకసారి మెండొసీనో కౌంటీలో అసలు చెట్ల దగ్గరికి తీసుకెళ్ళారు. మాతో వచ్చిన ఫారెస్టరు ముందే కాగితం మీద చుక్కలు పెట్టుకున్న చోటికి వెళ్ళి, అక్కడ గుంజ పాతి, దాని చుట్టూ గీసిన వలయంలో ఉన్న ప్రతి చెట్టునీ కొలిచాడు. కొలిచేది నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున. అతని టేపు చెట్టు చుట్టూ తిప్పితే చుట్టుకొలత కాకుండా నేరుగా వ్యాసమే చూపిస్తుంది. పై కి భాగహారం టేపు మీదే చేసి అచ్చు వేశారన్నమాట. ఎంత తెలివి అని అప్పుడు తెగ సంబరపడ్డాను.

ఆ వ్యాసం, ఆ ఎత్తు, ఆ జాతి తెలిస్తే కలప ఎంతో సూత్రాలున్నాయి. ఎండిన కలప బరువులో ఇంచుమించు సగం కార్బన్. దాన్ని 3.67తో హెచ్చవేస్తే అది గాలిలో ఎంత కార్బన్ డయాక్సైడో తెలుస్తుంది, ఎందుకంటే కార్బన్ బరువు 12 అయితే కార్బన్ డయాక్సైడ్ బరువు 44. అడవిలో ఉన్న చెట్లన్నీ ఎవరూ కొలవలేరు కాబట్టి కొన్ని చోట్లే కొలిచి మిగతాది అంచనా వేస్తారు. ఆ అంచనాలో పొరపాటుకి వీలు 5 శాతం దాటితే దాటినంత మేర క్రెడిట్లలో కోత. 20 శాతం దాటితే అసలు క్రెడిట్లే లేవు. బయటి నుంచి వెరిఫైయర్లు కనీసం ఆరేళ్ళకోసారి అడవికి వచ్చి, కొన్ని వలయాలు తిరిగి కొలిచి, మన అంకెలతో పోల్చుకుంటారు. ఈ భాగం అంతా నాకు చాలా నచ్చింది. బ్యాంకుల్లో పనిచేసినప్పుడు కూడా ఇంత జాగ్రత్త చూడలేదు.

అన్నయ్యకి ఇదంతా చెప్పాను. "సరే, మనవీ కొలుద్దాం" అన్నాడు. అమ్మ కుట్టుమిషను టేపు ఇంకా ఇంట్లో ఉందిట. తన చొక్కా రెండో గుండీ ఎత్తు ఎంతో కొలుచుకుని అది నాలుగున్నర అడుగులని తేల్చుకుని, పాలేరు కుర్రాణ్ణి వెంట పెట్టుకుని, మూడు రోజుల్లో 212 చెట్ల చుట్టుకొలతలు నోటుపుస్తకంలో రాసి ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపాడు. పేర్లన్నీ తెలుగులో. చింతకి నా దగ్గర అంకె లేదు. ఉష్ణమండలపు అడవులకి వాడే మామూలు సూత్రం ఒకటి తీసుకుని, ఏ జాతి కలప ఎంత గట్టిదో వెతికి, ఒక ఆదివారం కూర్చుని లెక్క వేశాను. అంతా కలిపితే సుమారు 210 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వచ్చింది. తొమ్మిది పెద్ద చింతల్లోనే అందులో మూడో వంతు దాకా ఉంది.

ఇక్కడిదాకా కొలత. క్రెడిట్ రావడానికి కొలత చాలదు. ఆ సంగతి అన్నయ్యకి చెప్పడానికే నాకు వారం పట్టింది.

కార్బన్ క్రెడిట్ అంటే ఎవరో ఒక టన్ను పొగ అదనంగా వదులుకోడానికి కొనుక్కునే అనుమతి. కాలిఫోర్నియాలో 2006లో చేసిన చట్టం కింద పెద్ద పెద్ద కంపెనీలు తాము వదిలే ప్రతి టన్నుకీ లెక్క చూపించాలి. ఆ లెక్కలో కొంచెం, మొదట 8 శాతం, 2021 నుంచి 4, 2026 నుంచి 6 శాతం దాకా, ఇలాంటి క్రెడిట్లతో సరిపెట్టుకోవచ్చు. వాటిలో ఎక్కువ భాగం అడవుల నుంచి వచ్చినవే. అక్కడ వాళ్ళు వదిలే టన్ను నిజం కాబట్టి, ఇక్కడ చెట్టు పట్టుకున్న టన్ను కూడా ఈ డబ్బు లేకపోతే ఉండేది కాదు అని చూపించాలి. దీన్ని అడిషనాలిటీ అంటారు. ఎలాగూ ఉండబోయే చెట్టుకి డబ్బిస్తే గాలికి ఒరిగేదేమీ లేదు, పొగ మాత్రం పెరుగుతుంది.

"అంటే?" అన్నాడు అన్నయ్య.

"అంటే నాన్న చెట్లు ఎలాగూ ఉన్నాయి కదా. ఉన్నవాటికి ఇవ్వరు అన్నయ్యా."

"కొట్టేస్తానని చెబితే ఇస్తారా?"

నేను నవ్వాను. వాడు నవ్వలేదు. నిజానికి అడవులున్నవాళ్ళందరూ అడిగే ప్రశ్న అదే. దానికి జవాబుగానే వంద పేజీల పైబడిన నియమాలు రాశారు. బీడు నేలలో కొత్తగా చెట్లు పెంచితే ఒక పద్ధతి, ఇళ్ళస్థలాలకో సాగుకో పోబోతున్న అడవిని ఆపితే ఒక పద్ధతి, ఉన్న అడవిలో కలప కొట్టడం తగ్గించి ఎక్కువ నిలవ ఉంచితే మరో పద్ధతి. మూడోదాన్లోనే క్రెడిట్లు ఎక్కువ. ఈ డబ్బు లేకపోతే అడవి వందేళ్ళలో ఏమయ్యేదో ఒక గీత గీయాలి. దాని పేరు బేస్‌లైన్. ఆ గీతకి పైన ఉన్నదంతా క్రెడిట్. యజమాని మనసులో ఏముందో ఎవరూ కనిపెట్టలేరు కాబట్టి కాలిఫోర్నియా వాళ్ళు మనసు జోలికి పోలేదు. ఆ ప్రాంతంలో అలాంటి అడవుల్లో ఎకరానికి సగటున ఎంత కార్బన్ ఉందో తీశారు. నీ అడవిలో అంతకన్నా ఎక్కువ ఉంటే, చట్టం కొట్టనిస్తుంటే, కొడితే గిట్టుబాటవుతుంటే, నువ్వు సగటు దాకా కొట్టేసేవాడివే అనుకుని గీత గీసుకోవచ్చు. కొట్టే ఉద్దేశం లేనివాడికి కూడా ఇది వర్తిస్తుంది.

అన్నయ్య కాసేపు ఆలోచించాడు. "మన చుట్టూ అంతా జామాయిలూ ఆయిల్ పామూనే గదరా. సగటు తీస్తే మనదే ఎక్కువ" అన్నాడు.

ముప్ఫై ఏళ్ళు వ్యవసాయం చేసిన మా అన్నయ్య, నేను మూడు నెలలు మీటింగుల్లో కూర్చుని అర్థం చేసుకున్నదాన్ని మూడు నిమిషాల్లో పట్టేశాడు. పట్టుకోవడమే కాదు, అందులో ఉన్న లొసుగు కూడా పట్టుకున్నాడు. ఇక్కడ జరిగిందీ అదే. సగటు తీసేటప్పుడు తడి కొండల్లో దట్టంగా పెరిగే చెట్లనీ, ఎండు నేలల్లో పలచగా పెరిగే పాండెరోసా పైన్లనీ ఒకే ప్రాంతం కింద కలిపేశారు. అప్పుడు దట్టమైన చోట అడవున్నవాడు ఏమీ చెయ్యకుండానే సగటు కన్నా పైన ఉంటాడు. ఈ పథకంలో ఇచ్చిన అటవీ క్రెడిట్లని తిరిగి లెక్కపెట్టిన పరిశోధకులు, తాము చూసినవాటిలో 29 శాతం, దాదాపు 3 కోట్ల టన్నులు, ఎక్కువ ఇచ్చినట్టేనని తేల్చారు. ఆ పనిలో నా డేటాబేసు పాత్ర ఎంతో నాకు తెలుసు. అంకెలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ప్రతి చెట్టూ ఉంది. వ్యాసం దశాంశ స్థానం దాకా కరెక్టు. గీత ఎక్కడ గీశారన్నదే నా ప్రోగ్రాములో ఒక ఇన్‌పుట్ మాత్రం.

కాలిఫోర్నియా అయితే నాన్న చెట్లు పాస్ అయ్యేవేమో గానీ, ఆ పథకం అమెరికా భూములకే. మన దగ్గర ఏముందని వెతికాను. క్యోటో ఒప్పందం కాలంలో మా ఖమ్మం జిల్లాలోనే ఒక ప్రాజెక్టు ఉండేది. ఐటీసీ వాళ్ళ సోషల్ ఫారెస్ట్రీ, మూడు వేల హెక్టార్ల పైచిలుకు, 2009లో ఐక్యరాజ్యసమితి దగ్గర రిజిస్టరయింది. పాడుపడ్డ నేలల్లో రైతుల చేత జామాయిల్ వేయించారు. ఆ ఏర్పాటులో పాత అడవిని కాపాడితే ఏమీ రాదు, కొత్తగా పెంచితేనే వస్తుంది. నియమం ఏమిటంటే, ఆ నేల 1989 డిసెంబరు 31 నాటికి అడవి అయి ఉండకూడదు. దానికి పాత ఉపగ్రహ చిత్రాలు చూపించేవాళ్ళు. మన దేశం ఇచ్చుకున్న నిర్వచనం ప్రకారం 15 శాతం నీడ, రెండు మీటర్ల ఎత్తు, ఎకరంలో ఎనిమిదో వంతు ఉంటే చాలు, అడవే. ఆ తేదీ వెనక మంచి ఉద్దేశమే ఉంది. ఉన్న అడవి కొట్టేసి, కొత్తది నాటి డబ్బు తీసుకునే తెలివైనవాళ్ళని ఆపడానికి పెట్టారు. కానీ అన్నయ్యకి అది చెబితే, "అయితే ఎనభయ్యొక్కలో మన పక్క చేలాయన కొట్టేసినప్పుడే నాన్నా కొట్టేసుంటే తర్వాత పనికొచ్చేదన్నమాట" అన్నాడు. కాదని అనలేకపోయాను.

కొత్తగా నాటడం మాత్రం సులువా అంటే అదీ లేదు. 2002లో కోల్డ్‌ప్లే అనే ఇంగ్లీషు బ్యాండు వాళ్ళు తమ ఆల్బమ్ తయారీలో వచ్చిన పొగకి విరుగుడుగా కర్ణాటకలో పదివేల మామిడి మొక్కలకి డబ్బు కట్టారు. ఆ మొక్కలు వెళ్ళింది గుడిబండ పక్కకి. బాగేపల్లి, గుడిబండ అంటే అప్పటి అనంతపురం జిల్లా సరిహద్దు, ఇళ్ళల్లో తెలుగు మాట్లాడుకునే ఊళ్ళు. నీళ్ళు లేక చాలా మొక్కలు ఎండిపోయాయని 2006లో లండన్ పత్రికల్లో వచ్చింది. అక్కడెవరైనా అనంతపురం రైతుని ముందుగా ఒక్క మాట అడిగితే, మామిడి మొక్కకి మొదటి మూడేళ్ళు బిందెలతో నీళ్ళెవరు పోస్తారని అడిగి ఉండేవాడు.

ఇక మిగిలింది మన్నిక. కాలిఫోర్నియాలో క్రెడిట్ ఇచ్చిన తర్వాత వందేళ్ళు ఆ కార్బన్ చెట్టులోనే ఉండాలి. మధ్యలో కాలిపోతే? అందుకని ప్రతి ప్రాజెక్టు నుంచీ కొన్ని క్రెడిట్లు తీసి బఫర్ పూల్ అని పక్కన పెడతారు, పల్లెలో ధాన్యం కొలిచేటప్పుడు గాదెకి కొంత తీసిపెట్టినట్టు. 2020 సెప్టెంబరులో ఒరెగాన్‌లో వార్మ్ స్ప్రింగ్స్ గిరిజనుల అడవిని లయన్స్‌హెడ్ మంట పట్టుకుంది. 2021 జులైలో బూట్‌లెగ్ మంట నాలుగు లక్షల ఎకరాలు తినేసింది. రెంటిలోనూ క్రెడిట్లు ఇచ్చిన అడవులున్నాయి. వందేళ్ళకని మంటల కోసం తీసిపెట్టిన భాగం పదేళ్ళ లోపే దాదాపు అంతా ఖర్చయిపోయిందని 2022లో ఒక అధ్యయనం చెప్పింది. ఆ రోజుల్లో మేము కాలిన ప్లాట్ల వరసలకి డేటాబేసులో ఒక కొత్త కాలమ్ కలిపాం. బతికి ఉందా, నిలబడి చచ్చిందా, పడిపోయిందా. నిలబడి చచ్చిన చెట్టు లెక్కలోకి వస్తుంది, పడిపోయినది రాదు.

అన్నయ్యకి అసలు సంగతి ఒక్క వాక్యంలో చెప్పేశాను. 210 టన్నులూ మనకే ఇచ్చినా, టన్నుకి పది డాలర్లనుకున్నా, వెరిఫైయరు ఒక్కసారి వచ్చి వెళ్ళే ఖర్చు కూడా రాదు. నాలుగెకరాలు ఈ లెక్కకి ఆనవు.

"పోనీలేరా" అన్నాడు. "జూన్‌లో మొక్కలు ఇస్తామన్నారు. పర్మిషన్ పెట్టి, కొట్టించేస్తాను."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లేచి మరో లెక్క వేశాను. అమెరికాలో తలకి ఏడాదికి సుమారు 14 టన్నులు. మా ఇంట్లో నలుగురం. నాన్న జీవితమంతా కూర్చుని కాపాడిన చెట్లన్నీ కలిపి మా ఇంటి పొగ నాలుగేళ్ళది కూడా కాదు. మేం ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్ళు.

పొద్దున్నే ఫోన్ చేసి, "పిల్ల నాలుగేళ్ళ ఫీజు నేను కడతాను, ఆ చెట్లు ముట్టుకోకు అన్నయ్యా" అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత, "పిల్ల ఫీజు కడతానంటే కట్టు, దాని బాబాయివి. నాన్న చెట్లకి నువ్వు నాకు డబ్బివ్వడం ఏంట్రా?" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు. వదిన రెండు రోజుల తర్వాత చేసింది. "మీ అన్నయ్య మనసు కష్టపెట్టుకున్నారు. చెట్ల సంగతి మీరిక ఎత్తకండి, ఫీజు సంగతి నాతో మాట్లాడండి" అంది. అలాగే చేశాను. జూన్ వెళ్ళిపోయింది, చెట్లు కొట్టలేదు.

నా డబ్బు వల్ల ఆగాడా? మరుసటి ఏడాదికి గెలల ధర బాగా పడిపోయింది. ఒకవేళ నేను ఏమీ ఇవ్వకపోయినా, పర్మిషన్ వచ్చేలోపు ధర చూసి మానుకునేవాడేమో. లేక నాన్న మీది గౌరవంతో చివరి నిమిషంలో వెనక్కి తగ్గేవాడేమో. మా ఇంటి బేస్‌లైన్ ఎక్కడ గీయాలో, ఒకే మంచం మీద పెరిగిన నాకే తెలియదు. వంద పేజీల నియమాలు రాసినవాళ్ళ మీద అప్పటినుంచీ కొంచెం జాలి కలిగింది.

2024 సంక్రాంతికి ఊరెళ్ళాను. వాగు పక్క చెట్లు అలాగే ఉన్నాయి. కానీ కాలవ గట్టు మీద ఉండాల్సిన టేకు చెట్లు లేవు. పద్దెనిమిది చెట్లు, మొదళ్ళు మాత్రం మిగిలాయి. నేను చూడటం అన్నయ్య చూశాడు.

"వాటి గురించి నువ్వేమీ అనలేదు గదా" అన్నాడు.

ఒకచోట కొట్టడం ఆపితే అది ఇంకోచోటికి జరుగుతుంది. దీన్ని లీకేజి అంటారు. నియమాల్లో దీనికి ఇంత శాతమని కోత ఉంది. ఆ మాట అన్నయ్యతో అనలేదు. ఆ టేకు డబ్బుతో బోరు వేయించాడు, అది లేకపోతే మిగతా పొలం ఎండిపోయేదని వదిన తర్వాత చెప్పింది.

కొలవడం మాత్రం అన్నయ్య మానలేదు. నేనడగలేదు. ప్రతి సంక్రాంతికీ అదే టేపు, అదే రెండో గుండీ ఎత్తు, అదే నోటుపుస్తకం. ఫొటోలు వస్తాయి, నేను అంకెలు ఎక్కిస్తాను. ఈ ఏడాది 211 వచ్చాయి. వానాకాలంలో గాలికి మూడో చింత వాగు మీదకి ఒరిగి పడిపోయిందిట. సగం వేళ్ళు ఇంకా నేలలోనే ఉన్నాయి, చిగుళ్ళు వేస్తోంది.

"దీన్ని లెక్కలో కలపమంటావా, తీసెయ్యమంటావా?" అని రాశాడు కింద.

నేనింకా జవాబు రాయలేదు.